మా మేనత్త పేరుకు పెట్టిన వాత

నేను, గుర్రం సత్యవేదమ్మను, కీర్తిశేషులు ప్రకాశరావు భార్యను. వయసు ఎనభై నాలుగు. నార్త్ కరోలినా, మోరిస్‌విల్‌లో కూతురు మణి, అల్లుడు జూడ్, మనుమరాలు చరిత ఉండే ఇంట్లో కింది గదిలో ఉంటున్నాను. చదువు రాదు. మతి మాత్రం సరిగ్గా ఉంది. పోయిన ఆదివారం చర్చికి ఎవరెవరు ఆలస్యంగా వచ్చారో వరసగా చెప్పగలను. ఈ వీలునామా ఎవరి ఒత్తిడీ లేకుండా పాస్టరు దైవాశీర్వాదంగారికి చెప్పి రాయిస్తున్నాను. ఆయన మెత్తటి మాటలు పెట్టబోతే రెండుసార్లు కొట్టివేయించాను.

పంపకాల కంటే ముందు ఫిర్యాదు రాయాలి. జూడ్ న్యూయార్క్ పుస్తకాల కంపెనీలో ప్రూఫులు దిద్దే పనిలో చేరాడు. పదకొండేళ్లు అదే కుర్చీ. తొమ్మిదేళ్ల కిందట నా ముందు ఫోన్ పెట్టి, నా బతుకంతా చెప్పించుకుని, ఇంగ్లీషు పుస్తకం చేశాడు. జనం ఎగబడి కొన్నారు. దాంతో ఎడిటరయ్యాడు, తర్వాత వైస్ ప్రెసిడెంటు. ఇప్పుడు ఇంట్లోంచే పని, ప్రెసిడెంటు కుర్చీ మీద కన్ను.

తల్లిలేని నన్ను పెంచింది మా నాన్న చెల్లెలు రూతమ్మ. తన ముద్ద నాకు పెట్టి మంచినీళ్లు తాగి పడుకున్న మనిషి. అట్లకాడ కాల్చి నా చేతి మీద వాత పెట్టింది మా ఆయన తల్లి. ఇద్దరినీ అత్త అనే చెప్పాను. మనకు ఇద్దరూ అత్తలే. జూడ్ ఇద్దరినీ కలిపి ఒక ఆంటీని చేశాడు. వాత పెట్టింది రూతమ్మేనని అచ్చు వేశాడు.

పోయిన ఏడాది చర్చిలో, ఆ పుస్తకం చదివిన పర్సిస్ నా చెయ్యి పట్టుకుని, "మీ మేనత్త అంత పాపిష్టిదా మామ్మగారూ?" అంది. ఇంటికొచ్చి చరిత చేత ఆ పేజీ చదివించుకున్నాను. జూడ్‌ని అడిగితే లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. "ఎవరికి తెలుస్తుంది అత్తయ్యా? ఆవిడ పోయి యాభై ఏళ్లయింది. నా ప్రమోషన్ టైమ్‌లో ఈ గొడవెందుకు?" అన్నాడు.

పొరపాటయితే ఊరుకునేదాన్ని. అచ్చుకు ముందే అతని దగ్గర ప్రూఫుల పని నేర్చుకునే స్మృతి అనే పిల్ల, నా మాటల రికార్డింగు విని, ఆ తప్పు పెన్సిలుతో చుట్టి చూపించిందట. నెల తిరక్కుండా ఆ పిల్ల ఉద్యోగం ఊడింది. ఆ పుస్తకానికి పనిచేసినవాళ్లను చరిత వెతికి పట్టుకుంటే, స్మృతే నాకు ఫోన్లో చెప్పింది.

1. నా జరీ చీరలు మణికి. నేను తన మొగుణ్ని నిలదీస్తుంటే పప్పుచారు వడ్డిస్తూ నిలబడింది. చీరలిచ్చాను. క్షమించానని రాయవద్దని పాస్టరుగారికి చెప్పాను.

2. నా ఇనప పెనం పర్సిస్‌కి, నోరు తెరిచి అడిగినందుకు. సబ్బు తగలనివ్వకూడదు.

3. నా మెడలో గొలుసు చరితకు. దాని తెలుగు వంకరే. అయినా ఆ పేజీ చదువుతూ ఏడ్చింది అదొక్కతే.

4. చరిత ఫోన్‌లో నేను చెప్పి పెట్టిన కథలున్నాయి. వాటిని ఎవరికీ రాసిస్తూ ఏ కాగితం మీదా వేలిముద్ర వేయలేదు. రెండో పుస్తకం అవే అని జూడ్ కంపెనీలో మాటిచ్చేశాడట. ఆ కథలూ వాటి మీద సర్వహక్కులూ స్మృతికి. ఆ పిల్ల కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో సొంతంగా చిన్న ప్రచురణ సంస్థ పెట్టుకుంది. జూడ్ కంపెనీకి ఒక్క వాక్యం కూడా ఇవ్వకూడదు. అట్ట మీద రూతమ్మ పేరు నా పేరు కంటే పైన ఉండాలి.

5. జూడ్‌కి ఒక అవకాశం ఇస్తున్నాను. నా సమాధి కూడికలో లేచి, "వాత పెట్టింది రూతమ్మ కాదు. తెలిసీ తప్పు వేశాను" అనాలి. ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి. అనకపోతే నా శవపెట్టె మీద అతని చెయ్యి పడకూడదు. ఆ చోట స్మృతి నిలబడి మోయాలి. ఆడపిల్ల మోయడమేమిటని ఎవరైనా అంటే, కారణం జూడ్‌నే చెప్పమనండి.

ఇవన్నీ జరిపించే బాధ్యత దైవాశీర్వాదంగారిది. చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది.

2025 నవంబరు 8, మోరిస్‌విల్.

గుర్రం సత్యవేదమ్మ ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు: దామోదర్, ప్రమోద (పక్కింటి దంపతులు)