తెడ్డుకు చుట్టుకున్న వల

సిద్దిపేట

బాపూ, దండం. నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను.

ఆదివారం మా ఆఫీసువాళ్లం ఎనిమిది మందిమి పడవలో తెడ్లు వేసుకుంటూ కోమటిచెరువు చుట్టివచ్చాం. నీళ్లమీద వరుసగా తేలే థర్మకోల్ ముక్కలు కనబడగానే కింద వల ఉందని నాకు తెలిసింది. చెబితే "నీకెట్ల ఎరుక?" అంటారని, చేపలు పట్టేవాళ్ల బిడ్డనని బయటపడుతుందని నోరు మూసుకున్నాను. వల నా తెడ్డుకు చుట్టుకుని చినిగింది. ఒడ్డున ఆ వల వేసినాయన, నీ అంత వయసుంటుంది, నన్నే చూసి "పోనీ బిడ్డా, మీకేమెరుక" అన్నాడు.

అవ్వ మోకాళ్లనొప్పి తగ్గిందా? మందు మానొద్దని చెప్పు. నీ వల అల్లే సూది, నైలాన్ దారం బస్సులో పంపు. వచ్చే ఆదివారం ఆయన పక్కన కూర్చుని ఆ వల బాగుచేస్తాను. ఎవరి బిడ్డవని అడిగితే ఈసారి నీ పేరు చెబుతాను.

ప్రవీణ