ఇన్‌బే అసలు తిథి

హేమ్‌పో రేవు వీధిలో ఉంటున్న ఓక్ జిన్‌గ్యూ అనే నేను, వయసు డెబ్బై ఏడు, ఒకప్పటి నవలా రచయితను, తరువాత రెండు దఫాలు పార్లమెంటు సభ్యుణ్ణి, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వహస్తాలతో ఈ వీలునామా రాస్తున్నాను. గుండె బాగాలేదని డాక్టరు అన్నాడు. మతి మాత్రం బాగానే ఉంది, నా బాధంతా దానితోనే.

1. నా కూతురు సెయొన్‌కు ఇల్లు, బ్యాంకులో ఉన్నది, వాళ్లమ్మ కిమ్చీ పచ్చడి ఊరబెట్టిన జాడీలు చెందుతాయి. పార్లమెంటు బ్యాడ్జీ ఎవరూ దాచుకోవద్దు.

2. నా ఎన్నికలు నడిపిన హ్యొన్‌టేకు నా గొడుగు. వానొస్తే ఎవరి గొడుగు కిందికైనా దూరగలడు, అయినా ఇవ్వండి.

3. గేటు పక్కన ఉన్న పీచ్ చెట్టును కొట్టించాలి. పీచ్ ఉన్నచోటికి చనిపోయినవాళ్లు రారని తద్దినం బల్ల మీద మనం ఆ పండు పెట్టం. పళ్ల కోసం నాటానని సెయొన్‌తో అబద్ధమాడాను. తక్ ఇన్‌బే రాకూడదని నాటాను. అయినా ప్రతి ఏడూ చాంద్రమానం పదో నెల తొమ్మిదో తిథినాడు వట్టి కాళ్లతో వచ్చి గేటు దగ్గర నిలబడతాడు. ఏమీ అడగడు. నాకు భయం.

4. ఇన్‌బే చేపల పడవ మీద పనిచేసేవాడు. 1974లో పోలీసులు పట్టుకెళ్లారు, శవం కూడా రాలేదు. తల్లి ప్యో మాల్‌రే గారు ఆ ఠాణా గేటు బయట రెండు నెలలు కూర్చున్నారు. లోపల అలాంటివాడెవడూ లేడన్నారు. 1988లో నా నవలలో అతణ్ణి పట్టుకెళ్లిన రోజే, చాంద్రమానం ఎనిమిదో నెల ఇరవై ఏడో తిథినే చంపేశాను. అధ్యాయం అక్కడ ముగిస్తే బాగుంటుందనిపించింది. ఆమె నవల చదివించుకుని, "చదువుకున్నోడివి నాయనా, విచారించకుండా రాస్తావా" అని ఆ తిథికే తద్దినం పెట్టడం మొదలుపెట్టారు. ఏటా చేప, పెసరట్టు తెచ్చి, "వాడి రోజు చెప్పింది నువ్వే, తిను" అంటారు. "మొదటి రోజే పోయినోడి కోసం పిచ్చిదాన్లా కూర్చున్నాను" అని నవ్వుతారు. మొన్న సెప్టెంబరులోనూ తిన్నాను.

2000లో పార్లమెంటు కమిటీ పనిలో పాత కాగితాలు నా చేతికొచ్చాయి. పట్టుకెళ్లాక ఇన్‌బే నలభై ఒక్క రోజులు, పదో నెల తొమ్మిదో తిథిదాకా బతికాడు. చలిగా ఉందని మేజోళ్లు అడిగినట్టు ఒక వాక్యం ఉంది. ఆ రోజుల్లో తల్లి ఆ ఠాణా గేటు బయటే ఉన్నారు. ఎన్నికలకు మూడు వారాలే. "సార్, ఆ నవల మీదే కదా గెలిచాం. ముసలావిడకి ఏ రోజైతే ఏంటి" అన్నాడు హ్యొన్‌టే. అన్నది అతను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నది నేను. ఆ వసంతంలోనే చెట్టు నాటాను.

5. నేను పోయాక సెయొన్ ఈ సంగతి ప్యో గారికి చెప్పాలని ఇక్కడ రాశాను. ఆ వాక్యం కొట్టేసి, కొట్టేసింది నేనేనని పక్కన ముద్ర వేశాను. ఆమెకు తొంభై మూడేళ్లు. ఇది నా కూతురు మోయాల్సిన బరువు కాదు.

6. మూడో నిబంధన ఇక అక్కర్లేదు. ఈ ఉదయం చెట్టు కొట్టించాను. రేపు ఆ కాగితం తీసుకుని ఆమె ఇంటికి వెళ్తాను. తొమ్మిదో తిథికి పదిహేను రోజులుంది. ఆమె రానిస్తే అక్కడ, తలుపు వేస్తే ఇక్కడ, ఇన్‌బేకు అన్నం పెట్టాలి. ఈలోగా నేను పోతే సెయొన్ పెడుతుంది. గేటు తీసి ఉంచాలి. గిన్నె పక్కన ఒక జత ఉన్ని మేజోళ్లు పెట్టాలి.

2019 అక్టోబరు 21, హేమ్‌పో
ఓక్ జిన్‌గ్యూ (సంతకం, ముద్ర)

సాక్షులు:
పాంగ్ దొక్‌సు, ముద్రలు చెక్కే పనివాడు
యొమ్ కుమ్‌సున్, పక్కింటావిడ, చెట్టు కొడుతుండగా చూసింది