పాత కొలత జోళ్ళు

మాఘ బహుళ విదియ, రాత్రి

నాలుగేళ్ళ తర్వాత ఇవాళ రంగూన్ నుంచి ఇల్లు చేరాను. ఓడలో మనిషికి ఒక్క పెట్టే అన్నారు. మోకాళ్ళు పట్టేసిన అమ్మకని కొన్న టేకు పీట, కూతురు చిట్టికి కొన్న ఎర్ర జోళ్ళు రెండూ పెడితే మూత పడలేదు. పీటనే రేవులో వదిలేశాను.

వెళ్ళేటప్పుడు చిట్టి పాదం కొలిచిన తాటాకు ముక్కను ఇన్నాళ్ళూ ప్రాణంలా దాచుకున్నాను. పాదం పెరుగుతుందన్న ఇంగితం లేకపోయింది, వెధవని.

అమ్మ నేలకు చెయ్యి ఆనించి, మూలుగుతూ కూర్చుని జోళ్ళు తొడగబోయింది. సగం పాదమే దూరింది.

"మీ నాన్నతో చెప్పవే," అంది అమ్మ.

చిట్టి నానమ్మ వెనక్కి నక్కింది. "నాకు పట్టటం లేదండి," అంది, ఎవరో ఊరుకాని పెద్దమనిషితో చెప్పినట్టు.