అందరి తరఫున పోలయ్య

ఆగస్టు 12, తెనాలి

రేపల్లె అవతల సముద్రం ఒడ్డు పాలెం నుంచి పోలయ్య, అతని భార్య పేరంటాలు నా లాయర్ ఆఫీసుకు వచ్చారు. పోయిన నెల పడవ తిరగబడి పోలయ్య తమ్ముడు బ్రహ్మాజీ చనిపోయాడు. ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉంది. అయినా మునిగాడు. ఆ జాకెట్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. కుట్లు విప్పి చూశాం. లోపల ఉన్నది స్పాంజి. నీళ్లు తాగుతుంది.

పాలెంలో అందరివీ అదే కంపెనీవి. అవి వేసుకునే ఇవాళ కూడా చేపల వేటకు వెళ్లారట.

ఆగస్టు 15

సెలవు. రోజంతా చదివాను. అమెరికాలో ఒకరు కేసు వేసి, కోర్టు ఒప్పుకుంటే, ఆ సరుకు కొన్నవాళ్లందరూ అందులో ఉన్నట్టే. వద్దనుకున్నవాడే బయటికి వెళ్తానని చెప్పుకోవాలి. నెదర్లాండ్స్‌లో అందరి తరఫున ఒక సంస్థే కేసు వేస్తుంది. మన దగ్గరా వినియోగదారుల సంఘాలు కేసు వేయవచ్చు, కానీ ఈ చుట్టుపక్కల పనిచేస్తున్నది ఒక్కటీ దొరకలేదు. ఇక మిగిలింది వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 35(1)(సి). అందరి తరఫున ఒకరు వేయాలి. అందరి బాధా ఒకటేనని చూపించి జిల్లా వినియోగదారుల కమిషన్ దగ్గర పర్మిషన్ తెచ్చుకోవాలి. ఆ ఒకరు పేరుతో, ముఖంతో నిలబడాలి.

ఫోన్లో పోలయ్యకు చెప్పాను.

"అయితే ఆ దేశాల్లో ఎవరూ ఊళ్లో చెడ్డ అవ్వక్కర్లేదన్నమాట," అన్నాడు. తర్వాత తన పేరే రాయమన్నాడు.

సెప్టెంబర్ 9

మొదటి వాయిదా. కంపెనీ లాయర్ శ్రీకర్ మెత్తగా మాట్లాడతాడు. ఒకరు జాకెట్‌ను ఎండలో పడేస్తారు, ఒకరు తలగడగా వాడతారు, ఎవరి కథ వాళ్లది, ఇందులో అందరి బాధ ఎక్కడుందన్నాడు. మళ్లీ వాయిదా. బయట టీ ఇప్పించి, తొందరేముంది మేడం, టైముంది కదా అన్నాడు. ఎవరికి ఉందో చెప్పలేదు.

సెప్టెంబర్ 21

ఆ కంపెనీ రేపల్లె డీలర్ రాజారత్నం వ్యాన్‌లో పాలెం వెళ్లి కొత్త జాకెట్లు పంచాడు. పసుపు రంగువి. కంపెనీ మీద ఫిర్యాదు లేదని సంతకం పెడితే చాలు. సాయంత్రానికి వ్యాన్ ఖాళీ.

సెప్టెంబర్ 23

పక్కింటి మాణిక్యమ్మను బతిమాలి, పేరంటాలు ఒక కొత్త జాకెట్‌ను గోనెసంచిలో చుట్టి తెచ్చింది. మా మేడ మీద నీళ్ల డ్రమ్ములో వేసి కోర్టుకు వెళ్లాను. వచ్చేసరికి అడుగున ఉంది.

సెప్టెంబర్ 24

పాలెం వెళ్లి తడి జాకెట్ చూపించాను. పెద్దలు మర్యాదగా కుర్చీ వేశారు. కేసు కోసం మా వాళ్లను భయపెట్టకండి లాయరమ్మా అన్నారు. పోలయ్య దూరంగా నిలబడ్డాడు. కేసు వేసినందుకు అతన్ని ఏ పడవా ఎక్కించుకోవడం లేదట. పేరంటాలు బిందె పట్టుకొని వస్తే పంపు దగ్గర మాటలు ఆగిపోతున్నాయట.

అక్టోబర్ 3

జాకెట్‌ను మళ్లీ డ్రమ్ములో వేసి, మునగడం వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. ఎడిటింగ్ బాగుందని ఎవరో రాశారు.

అక్టోబర్ 18

సంతకాలన్నీ శ్రీకర్ ఫైల్ చేశాడు. అందరి తరఫున అన్నారు, ఆ అందరూ ఎక్కడ అని కమిషన్ అడిగింది. జాకెట్‌ను ల్యాబ్‌కు పంపమని పట్టుబట్టాను. అది తర్వాత చూద్దామన్నారు. పర్మిషన్ రాలేదు. ఇక ఇది పోలయ్య ఒక్కడి ఫిర్యాదు.

అక్టోబర్ 30

పోలయ్య వచ్చాడు. కేసు వెనక్కి తీసుకుంటాడట. అలా అయితేనే పడవ ఎక్కనిస్తామన్నారట. చేతిలో పసుపు జాకెట్. డ్రమ్ములో ఏం జరిగిందో అతనికి తెలుసు. కనీసం అది వేసుకోవద్దన్నాను.

"వేసుకోకపోతే కేసు ఇంకా మనసులో పెట్టుకున్నానంటారమ్మా. పడవలో అందరూ నన్నే చూస్తారు."

వేరే కంపెనీది, మంచిది నేనే కొనిస్తానన్నాను. రంగు చూస్తేనే తెలిసిపోతుందన్నాడు.

కేసు వాపసు కాగితం అతని ముందు పెట్టాను. పెన్ను ఇచ్చాను.

నవంబర్ 14, బాపట్ల

బస్టాండ్ ఎదురుగా జాకెట్ల కంపెనీ ప్రకటన, పెద్ద ఫ్లెక్సీ. పసుపు జాకెట్‌లో పోలయ్య. అతను నవ్వగా చూడటం నాకిదే మొదటిసారి.

గాలి ఎక్కువగా ఉంది. ఫోన్ చేస్తే పేరంటాలు ఎత్తింది. తెల్లారే వేటకు వెళ్లారంది.

"జాకెట్ వేసుకునే వెళ్లాడమ్మా."