అక్షరక్రమంలో వంటింటి డబ్బాలు

నంద్యాల, 12 జులై 1978, బుధవారం

పుస్తకాల బీరువా సర్దినట్టే నిన్న వంటింటి గూట్లో డబ్బాలన్నీ అక్షరక్రమంలో పెట్టాను. ఆవాలు, ఉప్పు, కందిబ్యాళ్లు, చక్కెర... ఒక్కోదానికి చీటీ కూడా అంటించాను. నలభై ఏళ్ల కాపురంలో ఆ గూడు ఎప్పుడూ సంతలాగే ఉంది. లక్షుమ్మ వద్దంది, నేను వినలేదు.

ఈ రోజు ఆళ్లగడ్డ నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. నా పుస్తకాలను చెదలకు మేత అని పదిమందిలో ఎగతాళి చేసే మనిషి. పప్పన్నం ఒక ముద్ద తిని నవ్వాడు.

"ఏం బావా, పప్పులో చక్కెర ఏసేది ఏ పుస్తకంలో సదివినావ్?"

ఉప్పు ఉండే చోట నేను చక్కెర పెట్టాను. అయినా లక్షుమ్మనే కసిరాను. "చీటీ అంటించినా గదా, కనపడల్యా?"

"కనపడదు" అంది మెల్లగా. "ఏడాదైతాంది. యాడుండేది ఆడుంటే తడుముకొని చేస్తాంటి."

వాడు నవ్వడం మానేశాడు. నవ్వినా బాగుండేది. బియ్యంలో రాళ్లు ఏరడం లేదని, కాఫీ ఒలకబోస్తోందని ఈ ఏడాదంతా విసుక్కున్నాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

సాయంత్రం అన్నీ పాత చోట్లలో పెట్టబోతే ఏది ఎక్కడుండేదో నాకు ఒక్కటీ తెలియలేదు. ఆమె కూర్చొని చెబుతుంటే పెట్టాను. చివర్లో లేచి వచ్చి వరసగా అన్నిటినీ తాకి చూసుకుంది. మధ్యలో నా చెయ్యి తగిలింది. దాన్ని పక్కకు జరిపి, తరువాతి డబ్బా వెతుక్కుంది.