రేకుల వసారాకి గాలి సందు

బండారులంక

అన్నయ్యకి,

అంతా బాగున్నామని మొదలుపెడితే అబద్ధమవుతుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ మీ బావగారి మగ్గం పక్కనే ఉంటుంది. అందుకే ముక్తేశ్వరం వస్తున్న పక్కింటి పద్మశ్రీ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

ఇంటికి ఆనించి నువ్వు వేసిన రేకుల వసారాలోకి మగ్గం మార్చేం. వాలు తక్కువ కదా, రేకు తలకి తగిలేలా ఉంటుంది. వేడంతా పైకెళ్ళి గోడ దగ్గరే నిలబడిపోతోంది. సందు ఉంచుతానని నువ్వు అప్పుడే అన్నావు, వద్దన్నది ఆయనే. గాలి కొడితే పోగులు తెగుతాయని ఇప్పుడు చుట్టూ పట్టాలు కూడా కట్టేసేరు. విప్పమంటే నామీద అరుస్తారు.

నువ్వొచ్చి, రేకు గోడకి ఆనే చోట పొడుగునా జానెడు సందు తియ్యి. వాన దిగకుండా, వేడి పోయేలా, దానిమీద కాస్త ఎత్తుగా ఇంకో రేకు వంచి బిగించు. కింద ఒక పట్టా నేను ఎలాగోలా విప్పిస్తాను. వేడి పైనుంచి పోతుంది, మగ్గానికి గాలి కొట్టదు.

నేను రాసేనని మాత్రం అనకు. మొన్న మధ్యాహ్నం ఆయన మగ్గం మీదే సొమ్మసిల్లి పడిపోయేరు. మొహాన నీళ్ళు కొడితే కళ్ళు తెరిచి, "పోగు తెగిందా?" అనడిగేరు. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

అందుకని ఆరోగ్యం సంగతి ఎత్తకు, వినరు. వేడికి పోగులు ఎండి తెగిపోతాయి బావా అను, చాలు. నిచ్చెన ఆయనే తెచ్చి వేస్తారు.

నీ చెల్లెలు