ఎడమ అంచు

మంగళవారం.

కంట్ల ప్రెషర్ మంచిగనే ఉన్నా గ్లకోమా లెక్కనే నరం ఎండుతుందట. నా మైగ్రేన్‌కు, దానికి సంబంధం ఉండొచ్చని సిద్దిపేట డాక్టరమ్మ ఇయ్యాల చెప్పింది. ఎడమ కన్ను పక్కచూపు పోయింది, మళ్ల రాదట.

మగ్గం మీద ఎడమ అంచుల పోగులు తెగినా కనిపిస్తలేవంటే, అత్తమ్మ "ధ్యాస యాడ పెట్టినవే" అన్నది. మా ఆయన "పని అనంగనే నీకు తల నొస్తది" అన్నడు. దవాఖానకు తీస్కపొమ్మంటే, ఆదివారం ఆదివారం పొద్దుపొడవకముందే తలనొప్పి పోతదని ముక్కుల ఆకుపసరు పోసిన్రు. వద్దని గుంజుకుంటే ఇద్దరు గట్టిగ పట్టుకొని పోసిన్రు.

వచ్చేటప్పుడు బస్సుల మా ఆయన నా ఎడమ దిక్కు కూసున్నడు. ఏడుస్తున్నట్టు వినబడ్డది. చూడాల్నంటే తల మొత్తం తిప్పాలె.

తిప్పలేదు.